గ్రూపులో మాట, సభలో తీర్మానం

గాడిచర్ల హరిసర్వోత్తమరావు స్మారకోపన్యాసం



హరిసర్వోత్తమరావు గారిని మనం ఎక్కువగా తలుచుకునేది జైలుకెళ్లిన దేశభక్తుడిగా. 1883లో కర్నూలులో పుట్టిన ఆయన, 1907లో వందేమాతరం ఉద్యమం రాజమండ్రిని కుదిపేసినప్పుడు అక్కడి ట్రైనింగ్ కాలేజీ విద్యార్థి. ఆ ఉద్యమంలో పాల్గొన్నందుకు చదువు పోయింది, సర్కారు ఉద్యోగ అవకాశమూ పోయింది. మరుసటి ఏడు బెజవాడ నుంచి నడిపిన ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు మూడేళ్లు శిక్ష పడింది. ఆంధ్రుల్లో తొలి రాజకీయ ఖైదీ అని ఆయనకు పేరు. ఆ పేరుకు ఆయన అన్ని విధాలా అర్హుడు. నాకు మాత్రం ఆయన జీవితంలో ఆ తర్వాతి దశాబ్దాలంటే ఎక్కువ గౌరవం. గ్రంథాలయాల కోసం, వయోజన విద్య కోసం ఊరూరా తిరిగిన కాలమది. జైలు వార్త పత్రికల్లో పడుతుంది. రాత్రిబడిలో లాంతరు వెలుగులో పది మందికి అక్షరాలు దిద్దించిన సంగతి ఏ పత్రికలోనూ పడదు. అయినా ఆయన ఆ పని వదల్లేదు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటి వాళ్లు దానికి ప్రాణం పోశారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. వీళ్లు కోరుకున్న గ్రంథాలయం పుస్తకాల బీరువాతో ఆగిపోయేది కాదు. చదువొచ్చిన ఒకరు పత్రిక పైకి చదివితే చుట్టూ కూర్చున్న వాళ్లు వినేవారు, వాదించుకునేవారు. అసలు ఆ ఉద్యమం వేసుకున్న ప్రశ్న ఇది: ఓటు రేపు వస్తుంది సరే, ఆ ఓటరుకు ఊరి సంగతులూ దేశం సంగతులూ ఎలా తెలుస్తాయి? తెలిశాక తన మాట ఎక్కడ చెప్పుకుంటాడు?

ఓటు వచ్చింది. సంగతులు తెలుసుకునే సాధనం జేబులోకి వచ్చింది. రెండో ప్రశ్న, మాట ఎక్కడ చెప్పుకోవాలన్నది, ఇంకా తేలలేదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది దాని గురించే. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో రోజూ సాగుతున్న మాట గ్రామసభ రిజిస్టరులోకి ఎక్కాలి. అక్కడి జవాబు తిరిగి గ్రూపులోకి రావాలి. ఆ రాకపోకలు లేనంతకాలం ఊరికి ఎన్ని గ్రూపులున్నా పాలనలో ప్రజల పాలు పెరగదని నా నమ్మకం. ఎందుకో అంచెలంచెలుగా చెబుతాను.

1. సభకు ఊరెందుకు రావడం లేదు

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. గ్రామసభకు రాజ్యాంగంలో చోటు దొరికింది అప్పుడే. పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. దీనికి ఎన్నిక లేదు, నామినేషన్ లేదు, ఎవరి దయా అక్కర్లేదు. సర్పంచి పదవికి ఐదేళ్ల గడువుంది. మీ సభ్యత్వానికి గడువు లేదు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి సభ జరపాలంటోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. తలుచుకుంటే ఇంత యంత్రాంగం కదులుతుందని ఆ రోజు చూశాం.

మామూలు రోజు సభ ఎలా ఉంటుందో కూడా చూడాలి. కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక ఊళ్లో నేను కూర్చున్న సభ చెబుతాను. ముందురోజు సాయంత్రం దండోరా వేశారు. అది పెద్ద వీధిలో వినబడింది, ఎస్సీ కాలనీలో వినబడలేదు. పొద్దున పది గంటలకు పంచాయతీ ఆఫీసు వసారాలో కుర్చీలు వేశారు. అది పత్తి తీతల కాలం. ఆడవాళ్లంతా ఏడింటికే ఆటోలెక్కి చేలకు వెళ్లిపోయారు. వచ్చింది ఇద్దరు వార్డు మెంబర్లు, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, పింఛను సంగతి అడుగుదామని నలుగురు ముసలివాళ్లు. కార్యదర్శి కాగితం చూసి ఎజెండా చదివాడు. అందులో ఏముందో ఆ క్షణం దాకా ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం సంతకాల కోసం రిజిస్టరు ఇల్లిల్లూ తిరిగింది. సభ జరిగినట్టు రాసుకున్నారు.

ఇక్కడ తేలే సొమ్ము చిన్నది కాదు. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కేటాయించినవి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టుకోవచ్చు. ఆ అవసరం ఏమిటో చెప్పాల్సింది గ్రామసభ. కాలువ ముందా, శ్మశానం దారి ముందా, బడి ప్రహరీ ముందా? ఇది ఇంజనీరు తేల్చే లెక్క కాదు, ఊరు కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి.

జనానికి ఆసక్తి లేదని అధికారులు అంటుంటారు. నేను ఒప్పుకోను. ఎన్నికలప్పుడు హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ బస్సుల్లో నిలబడి వచ్చి ఓటేసి వెళ్లే జనం మనవాళ్లు. వాళ్లు సభకు రాకపోవడానికి కారణాలు మామూలువే. పనివేళలో పెడతారు. ఏం మాట్లాడతారో ముందు చెప్పరు. అన్నిటికంటే పెద్ద కారణం, కిందటిసారి అడిగినదానికి ఏమైందో ఎవరూ చెప్పలేదు. జవాబు రాని చోటికి మనిషి రెండోసారి ఎందుకెళ్తాడు?

2. ఊరు ఫోనులోకి చేరింది

ఆ సభకు రాని జనమంతా సాయంత్రానికి ఒకచోట కనబడతారు. ‘మన ఊరు’ అనో, ఊరి పేరు పక్కన ‘యూత్’ అనో చేర్చిన గ్రూపులో. పొద్దున దేవుడి ఫొటోలు, గుడ్‌మార్నింగ్ పువ్వులు. మధ్యాహ్నం కరెంటు పోయిందా అన్న వాకబు. ఎవరిదో గేదె తప్పిపోయింది. ఎవరో పోయారు, ఎత్తేది ఎన్నింటికి? పైపు పగిలి నీళ్లు రోడ్డెక్కాయని ఒక వీడియో. ఇవన్నీ ఊరి సంగతులే. వీటిలో సగం పంచాయతీ పనులే.

ఈ గ్రూపుల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనబడేది వలస వెళ్లిన వాళ్ల మాట. పాలమూరు నుంచి మేస్త్రీ పనులకు వెళ్లినవాళ్లు, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫుకు వెళ్లినవాళ్లు, కర్నూలు పడమటి మండలాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు కదిలే కుటుంబాలు. వీళ్ల ఓటు ఊళ్లోనే ఉంటుంది, ఇల్లూ ముసలి తల్లిదండ్రులూ ఊళ్లోనే ఉంటారు. చట్టప్రకారం వీళ్లూ గ్రామసభ సభ్యులే, ఏ సభకూ రాలేని సభ్యులు. గ్రూపు వచ్చేదాకా వీళ్లు ఊరి సంగతి ఏ పండక్కో వచ్చినప్పుడు తెలుసుకునేవాళ్లు. ఇప్పుడు దుబాయిలో క్యాంపు గదిలో కూర్చుని మా వీధి దీపం ఎందుకు వెలగడం లేదని అడుగుతున్నారు. ఇది మామూలు మార్పు కాదు.

నెట్‌లో కలిసిన గొంతులు ఎంత దూరం వెళ్లగలవో 2019లో తెలుగువాళ్లంతా చూశారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం ఆ ఏడు మే నెలలో సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అమ్రాబాద్, పదర మండలాల జనం ముందే రోడ్డెక్కారు. వాళ్ల మాట చాలాకాలం జిల్లా దాటలేదు. ‘సేవ్ నల్లమల’ అంటూ యువకులు, రచయితలు, సినిమావాళ్లు సోషల్ మీడియాలో అందుకున్నాక అది రాష్ట్రం మాటైంది. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానం చేసింది.

ఇది గొప్ప విషయం. కాని గమనించండి, నల్లమలకు స్పందించిన లక్షల మందిలో తమ సొంత ఊరి తర్వాతి గ్రామసభ తేదీ ఎందరికి తెలిసి ఉంటుంది? పెద్ద విషయానికి జనాన్ని కదిలించడం ఈ సాధనానికి వచ్చు. మురుగుకాలువకూ మంచినీళ్ల మోటారుకూ ఏడాది పొడుగునా మనుషుల్ని కూర్చోబెట్టడం దానంతట దానికి రాదు. అది మనం నేర్పాలి.

3. సేవ అందడం వేరు, పాలనలో పాలుపంచుకోవడం వేరు

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని తొలగించాలి. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ ద్వారా 161 సేవలు మొదలుపెట్టింది. సర్టిఫికెట్టు కోసం మండలాఫీసు చుట్టూ తిరిగే బాధ తగ్గితే పేదవాడికి ఒక కూలి రోజు మిగులుతుంది. నేను దాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. కాని అది ప్రజాస్వామ్యంలో సగం కూడా కాదు. అక్కడ మనిషి ఒక్కడే. తన అర్జీ, తన నంబరు, తన జవాబు. పక్కింటావిడ అదే అర్జీ పెట్టిందని అతనికి తెలియదు.

ఇంగ్లండులో 2007లో ‘మై సొసైటీ’ అనే సంస్థ ‘ఫిక్స్ మై స్ట్రీట్’ అని ఒకటి తెచ్చింది. వీధిలో గుంత పడితే మ్యాప్ మీద గుర్తు పెట్టి ఫిర్యాదు రాస్తే అది అక్కడి మున్సిపల్ కౌన్సిలుకు వెళ్తుంది. ఫిర్యాదుల పెట్టెలు అంతకుముందూ ఉన్నాయి. దీని ప్రత్యేకత ఏమిటంటే ఫిర్యాదు బహిరంగంగా ఉంటుంది. ఆ వీధివాళ్లెవరైనా చూడొచ్చు. ఏ వీధి గుంత పూడింది, ఏ వీధిది పూడలేదు అన్నది అందరి కళ్లెదుటా ఉంటుంది. అలా చూసినప్పుడే నా గుంత మన గుంతగా మారుతుంది. మన యాప్‌లలో ఈ ఒక్క గుణం తక్కువ. మీ అర్జీ పరిష్కరించామని మీకు ఒక్కరికే ఎస్సెమ్మెస్ వస్తే, అది నిజంగా పరిష్కారమైందో లేదో ఊరికి తెలిసే వీలేది?

4. గ్రూపులో లేని ఊరు

ఇక కష్టమైన సంగతికి వద్దాం. ముందు వరసలో కూర్చున్న మహిళా సంఘాల అక్కలు దీన్ని నాకన్నా బాగా చెప్పగలరు.

గ్రూపు అంటే ఊరు కాదు. 2019-20లో మన రెండు రాష్ట్రాల్లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడారా అని అడిగితే, ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్లలో 48.8 శాతం, ఆడవాళ్లలో 21 శాతం వాడామన్నారు. తెలంగాణలో ఆ అంకెలు 57.4, 26.5. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి. అయినా ఫోను ఉండడం వేరు, గ్రూపులో నోరు విప్పడం వేరు. ఊరి గ్రూపు ఒకటి తీసి ఒక వారం మెసేజీలు పైకి కిందికి జరిపి చూడండి, ఆడవాళ్ల పేర్లు ఎన్ని కనబడతాయో. నీళ్లు మోసేది వాళ్లు, నీళ్ల గురించి వాదించేది మగవాళ్లు. పెద్దకులం పెద్దమనిషి అడ్మిన్‌గా ఉన్న గ్రూపులో కాలనీ కుర్రాడు శ్మశానం దారి గురించి రాయాలంటే, రేపు అదే పెద్దమనిషి చేలో పనికి వెళ్లాల్సి ఉంటుందన్న భయం వేలిని ఆపుతుంది. పార్టీ గ్రూపుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకే ఊళ్లో రెండు పార్టీలకు రెండు గ్రూపులు. ఒక గ్రూపులో ఉన్న నిజం ఇంకో గ్రూపులో ఉండదు.

వదంతుల ప్రమాదమూ మనకు తెలుసు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయంటూ ఫార్వర్డులు తిరిగాయి. తెలుగు నేల మీద అమాయకుల మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. దేశంలో ఇంకొన్ని చోట్ల ఇలాంటివే జరిగాక, జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకసారికి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది.

ఆ రోజుల్లోనే జోగులాంబ గద్వాల జిల్లాలో జరిగిన పనిని నేను ఎక్కడికెళ్లినా చెబుతాను. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు నెట్ బంద్ చేయించలేదు. ఒక్కో కానిస్టేబులుకు కొన్ని ఊళ్లు అప్పగించారు. ఆ కానిస్టేబుళ్లు ఊళ్లకు వెళ్లి అరుగుల మీద కూర్చుని జనంతో మాట్లాడారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. అనుమానం వస్తే ఎవరిని అడగాలో ఊరికి ఒక మొహం తెలిసింది. దానితోపాటు జానపద కళాకారులు డప్పు కొట్టి, పాట కట్టి ఆ వదంతుల బండారం బయటపెట్టారు. ఫోనులో పుట్టిన భయానికి ఫోనులోనే జవాబిచ్చి ఊరుకోలేదు. ఫోనూ డప్పూ మనిషీ మూడూ కలిశాయి. గ్రూపులో ఉన్న ఊరినీ, గ్రూపులో లేని ఊరినీ ఒకేసారి చేరాలంటే ఆ మూడూ కావాలి.

చదువు రానివాళ్ల సంగతి కూడా తీరనిది కాదు. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో శుభ్రాంశు చౌధరి గారు మొదలుపెట్టిన ‘సీజీనెట్ స్వర’కు స్మార్ట్‌ఫోను అక్కర్లేదు. బటన్ల ఫోను నుంచి ఒక నంబరుకు కాల్ చేసి గోండీలోనో హిందీలోనో తన ఊరి గోడు చెప్పొచ్చు. దాన్ని ఒకరు సరిచూసుకుని అందరికీ వినబడేలా పెడతారు. బోరు చెడిపోయిందనో కూలి డబ్బులు రాలేదనో అడవిలోని మనిషి చెప్పిన మాట, అధికారి ఫోను నంబరుతో సహా, ఎక్కడెక్కడివాళ్లో విని ఆ అధికారిని అడిగేవాళ్లు. మన ఆదిలాబాద్ గోండులు మాట్లాడేదీ గోండీయే. రాయడం రాకపోయినా వాయిస్ మెసేజ్ పెట్టడం మన ఊళ్లలో డెబ్బై ఏళ్ల అవ్వలకు కూడా వచ్చేసింది. ఆ గొంతుకు మనం ఇంకా సభలో చోటివ్వలేదు.

5. వేదిక తీరును బట్టి మాట తీరు

మనుషులు చెడ్డవాళ్లు కాబట్టి గ్రూపులు చెడిపోయాయని చాలామంది అంటారు. నా అనుభవం అది కాదు. అదే మనిషి పెళ్లిలో ఒకలా, పంచాయితీలో ఒకలా, చావింట్లో ఒకలా మాట్లాడతాడు. చోటును బట్టి మాట మారుతుంది.

అమెరికాలో వెర్మాంట్ అని చిన్న రాష్ట్రం ఉంది. అక్కడ మార్చి మొదటి మంగళవారం ఊరి సభల రోజు. ఊరివాళ్లు హాల్లో కూర్చుని ఊరి బడ్జెట్టు మీద వాదించుకుని అక్కడికక్కడే ఓటు వేసుకునే ఆనవాయితీ ఉంది. మన గ్రామసభకు దగ్గరి చుట్టం. ఆ రాష్ట్రంలో బర్లింగ్టన్ పట్నంలో 2006లో ‘ఫ్రంట్ పోర్చ్ ఫోరమ్’ మొదలైంది. ఇరుగుపొరుగు వాళ్లకు మాత్రమే ప్రవేశం. అసలు పేరుతో రాయాలి, ఏ వీధివాళ్లో తెలియాలి. రాసినది వెంటనే పడదు. నిర్వాహకులు చదివాక, సాధారణంగా రోజుకొకసారి, అన్నీ కలిపి పంపుతారు. తిట్టుకు తిట్టు నిమిషంలో ఇచ్చుకునే వీలు లేదు. రాత్రి కోపం తెల్లారేసరికి చల్లారుతుంది. నిచ్చెన అరువడిగేవాళ్లూ అక్కడే, బడి బడ్జెట్టు మీద వాదించేవాళ్లూ అక్కడే. 2011 ఆగస్టులో ఐరీన్ తుపాను వెర్మాంట్ వంతెనల్ని ఊడ్చేసినప్పుడు ఎవరికేం కావాలో, ఎవరి దగ్గరేముందో ఇరుగుపొరుగు దాని ద్వారానే తెలుసుకున్నారు. నాకు నచ్చిందేమిటంటే, ఆ వేదిక ఊరి సభను మింగేయలేదు. సభకు ముందు నెలంతా దానిలో చర్చ నడుస్తుంది, ఓటు మాత్రం సభలోనే.

తైవాన్‌లో ఇంకో ప్రయత్నం జరిగింది. 2014లో విద్యార్థులు పార్లమెంటును ఆక్రమించిన ఉద్యమం తర్వాత, ప్రభుత్వం, సాంకేతిక నిపుణులైన పౌరులు కలిసి ‘వీతైవాన్’ నడిపారు. ఊబర్ టాక్సీల గొడవ వచ్చినప్పుడు ‘పోలిస్’ అనే సాధనంతో జనాభిప్రాయం అడిగారు. అందులో మీరు ఒక వాక్యం రాయొచ్చు. ఇతరుల వాక్యం చూసి ఒప్పుకుంటాననో, ఒప్పుకోననో చెప్పొచ్చు. జవాబు రాసే బటను మాత్రం లేదు. ఎదుటివాడి మీద విరుచుకుపడే వీలు లేకపోయేసరికి, రెండు పక్షాలూ ఒప్పుకునే వాక్యం రాయాలన్న ప్రయత్నం మొదలైంది. పక్షాలు ఎక్కడ విడిపోయాయో, ఏ మాట దగ్గర కలిశాయో బొమ్మలా కనబడింది. ఆ కలిసిన మాటల్లోంచి నిబంధనలు తయారయ్యాయి.

మన వాట్సాప్‌లో 2022 చివరి నుంచి పోల్ పెట్టే సౌకర్యం ఉంది. సర్పంచులు ఉత్సాహంగా వాడుతున్నారు. సిమెంటు రోడ్డు ఏ వీధికి ముందు? నొక్కండి. యువ సర్పంచులకు ఒక హెచ్చరిక చేయాలి. ఆ పోల్‌లో ఎవరు దేనికి నొక్కారో పేర్లతో సహా గ్రూపంతటికీ కనబడుతుంది. ముఠా తగాదాలున్న ఊళ్లో, ఒకరి దగ్గర అప్పున్న మనిషికి, ఒకరి పొలం కౌలుకు చేసే మనిషికి అది స్వేచ్ఛ కాదు. పైగా ఫోనున్నవాళ్ల ఓట్లు లెక్కేసి ఊరి నిర్ణయమనడం చట్టానికి ఒప్పదు, న్యాయానికీ ఒప్పదు. అభిప్రాయం ఎటుందో తెలుసుకోవడానికి వాడండి. తీర్మానం సభలోనే చేయండి.

6. గ్రూపు నుంచి రిజిస్టరుకు

ఇక చేయవలసిన పని. ఇందుకు కొత్త యాప్ అక్కర్లేదు, జీవో కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఉన్న చట్టంలోనే వీలుంది.

సభకు వారం ముందు కార్యదర్శి ఎజెండాను తెలుగులో, చదవడం రానివాళ్ల కోసం గొంతుతో రికార్డు చేసి, ఊళ్లో ఉన్న అన్ని గ్రూపుల్లోనూ పెట్టాలి. ఒక పార్టీ గ్రూపులో పెట్టి ఇంకో దానిలో మానకూడదు. దండోరా మానకూడదు, కాలనీలో తప్పకుండా వేయించాలి. మహిళా సంఘాల నెలవారీ సమావేశంలో ఎజెండా చదివి వినిపించాలి. నా లెక్కలో ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎందుకంటే ఊళ్లో క్రమం తప్పకుండా జరిగే సభ ఏదైనా ఉంటే అది సంఘాల సభే. పుస్తకం రాసుకోవడం, అప్పు లెక్క చూసుకోవడం, తీర్మానం చేసి సంతకాలు పెట్టడం వాళ్లకు ఏళ్ల తరబడి అలవాటు. గ్రామ సమాఖ్య ముందుగా మాట్లాడుకుని వస్తే సభలో ఆడవాళ్లు ఒంటరిగా నిలబడి అడగనక్కర్లేదు.

ఆ వారం రోజులూ గ్రూపులో వచ్చిన ప్రశ్నల్ని ఒకరు రాసిపెట్టాలి. ఎవరు? గ్రంథాలయ పాలకుడు ఉంటే ఆయన, లేకపోతే ఏ పార్టీ జెండా మోయని టీచరో, డిగ్రీ చదివే పిల్లో. దుబాయి నుంచి వచ్చిన ప్రశ్న కూడా ఆ జాబితాలో ఉండాలి. అతను చెయ్యెత్తలేడు గాని, అతని ప్రశ్న సభలో చదవడానికి అడ్డేమీ లేదు. కాలనీ కుర్రాడు పేరు చెప్పడానికి భయపడితే పేరు లేకుండా చదవండి. సభలో ప్రతి ప్రశ్నకూ జవాబు రిజిస్టరులో పడాలి. సభ అయిన మర్నాడు ఆ పేజీలు ఫొటో తీసి మళ్లీ అన్ని గ్రూపుల్లో పెట్టాలి. తర్వాతి సభలో మొట్టమొదటి అంశం, కిందటి జవాబుల్లో ఏది జరిగింది, ఏది జరగలేదు.

డబ్బు లెక్క దీనిలో కీలకం. 2020 ఏప్రిల్ 24 నుంచి కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ‘ఈ-గ్రామ్‌స్వరాజ్’ నడుపుతోంది. పంచాయతీ ప్రణాళిక, చెల్లింపులు అందులో ఎవరైనా చూడొచ్చు. అయితే ఆ పద్దులు మామూలు రైతుకు అంతుబట్టేలా ఉండవు. చదువుకున్న పిల్లలు వాటిని విప్పి చెప్పాలి. విప్పి చెప్పడంతో ఆగినా ప్రమాదమే. అందుకు నాకు తెలిసిన ఒక ఊరి ఉదాహరణ.

ఆ ఊళ్లో మంచినీళ్ల మోటారు కాలిపోయి నీళ్లు ఆగాయి. గ్రూపులో ఖాళీ బిందెల ఫొటోలు, కోపం. ఒక కుర్రాడు నెట్‌లో చెల్లింపులు వెతికి, రెండు నెలల కిందటే మోటారు మరమ్మతుకు బిల్లు ఎత్తారని స్క్రీన్‌షాట్ పెట్టాడు. ఇంకేముంది, దొంగలన్నారు. సర్పంచి మనుషులు తిట్టారు, ఇతరులు తిరిగి తిట్టారు. రాత్రికి గ్రూపు రెండుగా చీలే పరిస్థితి. పాత వార్డు మెంబరు ఒకావిడ వాయిస్ మెసేజ్ పెట్టింది: ఇక్కడ ఎందుకు నాయనా, శుక్రవారం సభుంది, బిల్లు పుస్తకం తెమ్మందాం. సభకు ఎన్నడూ లేనంత జనం వచ్చారు. కార్యదర్శి వోచర్లు, పని కొలతలు రాసే ఎం-బుక్కు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ బిల్లు ఈ మోటారుది కాదు, కాలనీ బోరుది. కాలనీవాళ్లే లేచి అవును, మాది బాగుచేశారని చెప్పారు. కుర్రాడు అడిగింది తప్పు కాదు, సర్పంచి చేసిందీ తప్పు కాదు. కాగితం అందరి ముందూ తెరుచుకోవడంతో గొడవ తీరింది. ఆ సభలోనే స్టాండ్‌బై మోటారుకు తీర్మానం రాశారు.

ఈ పద్ధతి మనకు పరాయిది కాదు. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ కింద 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు జరిగాయి. ఊళ్లోని చదువుకున్న పిల్లలు కూలీల హాజరు మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, నీ పేరు మీద ఇన్ని రోజులు రాశారు, నిజమేనా అని కూలీలను అడిగారు. తేలినది గ్రామసభలో చదివారు. ఆ తర్వాత మండలంలో ప్రజావేదిక, అధికారుల ఎదుట. దేశంలో ఇతర రాష్ట్రాలు వచ్చి చూసి నేర్చుకున్న పని అది. అప్పుడు కాళ్లతో తిరిగిన దారిలో సగం ఇప్పుడు ఫోను తిరుగుతుంది. మిగతా సగం కాళ్లే తిరగాలి.

అడ్మిన్‌లకు ఒక భయం ఉంది, ఎవరో ఏదో రాస్తే కేసు నామీద పడుతుందని. సభ్యుడు పెట్టిన పోస్టుకు, ఉమ్మడి ఉద్దేశం లేనప్పుడు, అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయలేమని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో చెప్పింది. విమర్శించినందుకే జైలుకు పంపిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. పంచాయతీ పని మీద ప్రశ్న వేసినవాణ్ణి గ్రూపు నుంచి తీసేసే సర్పంచులు, ప్రశ్న వేసిన పాపానికి స్టేషనుకు పిలిపించే పెద్దమనుషులు ఈ మాట గుర్తుంచుకోవాలి. ప్రశ్నను గ్రూపు నుంచి తీసేయొచ్చు. గ్రామసభ నుంచి ఓటరును తీసేసే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

7. పట్నాల్లో

పట్నాల సంగతి తక్కువ మాటల్లో చెబుతాను, ఎందుకంటే అక్కడ చెప్పుకోవడానికి ఉన్నదే తక్కువ. 74వ సవరణ 3 లక్షలు, అంతకు పైబడిన జనాభా గల నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. అవి ఎక్కడ కూర్చుంటున్నాయో, ఎప్పుడు కూర్చుంటున్నాయో మీ వార్డులో పదిమందిని అడిగి చూడండి. గ్రామానికి కనీసం సభ ఉంది, మాట చేరడానికి ఒక రిజిస్టరుంది. పట్నంలో గ్రూపులు మెండు, చేరవలసిన సభ లేదు. అపార్ట్‌మెంటు సంఘం గ్రూపులో కమిషనరు నంబరు ఉంటుంది. పక్కనే ఉన్న బస్తీ గ్రూపులో లైన్‌మెన్ నంబరు కూడా ఉండదు. చెత్త డంపు ఎక్కడ పెట్టాలన్న తగువులో ఎవరి మాట నెగ్గుతుందో వేరే చెప్పనక్కర్లేదు. నగరాల్లో మొదటి పని గ్రూపు పెట్టడం కాదు, వార్డు కమిటీ తేదీ అడగడం. అపార్ట్‌మెంటువాళ్లూ బస్తీవాళ్లూ కలిసి అడిగితే ఆ తేదీ వస్తుంది.

నేను చెప్పినవాటిలో మీ ఊళ్లో సాగనివి ఉంటాయి. సభ సాయంత్రం పెడితే మహిళలకు వీలా, కార్యదర్శికి బస్సు దొరుకుతుందా, ఒకే కార్యదర్శికి రెండు పంచాయతీలుంటే ఈ ఫొటోలు, రికార్డింగులు ఎవరు చూడాలి? ఇవి నేను వేదిక మీద నుంచి తేల్చేవి కావు. అధ్యక్షుల వారు అరగంట సమయం ఇచ్చారు. మైకు ముందుగా కార్యదర్శులకూ సంఘాల అక్కలకూ ఇవ్వమని కోరుతున్నాను.